పైపు పట్టీ

తమ్ముడు పోయిన రోజున పడవ సముద్రంలో లేదు. పడవలు బాగుచేసే యార్డులో, ఇనుప కాళ్ళ మీద, ఎండకు పొట్ట చూపిస్తూ నిలబడి ఉంది. తమ్ముడూ సముద్రంలో లేడు. రంగుల దుకాణంలో బిల్లు కోసం వరసలో నిలబడి, ముందున్నాయనకు నవ్వుతూ ఏదో చెబుతూ, సగంలో ఆగిపోయాడు. చేతిలో డబ్బా కింద పడి మూత ఊడింది. అది పడవకు కావలసిన నీలం కూడా కాదు. పడవది ముదురు నీలం. డబ్బాలోది పసిపిల్లల గదికి వేసే రకం.

దుకాణంవాళ్ళు మొదట ఫోను చేసింది అక్కకే. ఆమె వెళ్ళేసరికి నేల మీద రంగు సగం ఆరి ఉంది. అందుకని, కొద్ది రోజులకే ఊళ్ళో "సముద్రం తన బిడ్డను తనే తీసుకుపోయింది" అనే మాట బయల్దేరినప్పుడు ఆమెకు ఒళ్ళు మండింది. సముద్రానికి ఈ సంగతే తెలియదు. తెలిసినా, తప్పు రంగు కొన్నవాణ్ణి అది తన బిడ్డ అని ఒప్పుకునేది కాదు.

యార్డులో ఆమెను అందరూ అక్క అనే పిలుస్తారు. తమ్ముడు పిలవగా పిలవగా ఆ పిలుపు అందరికీ అంటుకుంది. గేటు పక్కన పొడవాటి రేకుల షెడ్డు ఆమెది. అందులో తెరచాపలు కుడుతుంది. పొడుగు కుట్లు మిషను మీద, మూలలూ కంతలూ దబ్బనంతో, అరచేతికి తోలుముక్క కట్టుకుని. ఆమె కుట్టిన తెరచాప చిరిగిందని ఇంతవరకూ ఎవరూ వచ్చి చెప్పలేదు. చెప్పే ధైర్యం లేక కూడా కావచ్చు.

పడవ పేరు పొట్ట మీద పెద్ద అక్షరాలతో ఏదో ఉంది కానీ ఇంట్లో దాన్ని ముసలిది అనే అంటారు. నిజంగానే ముసలిది. తమ్ముడు కొన్నప్పటికే అది రెండు చేతులు మారింది. దాన్ని బాగుచేసి, ఒక ఖండం నుంచి ఇంకో ఖండం దాకా సాగే పెద్ద పందెంలో దించాలని అతని కోరిక. అతనికి తోడు పళ్ళ డాక్టరు, పడవలో సగం వాటాదారు. మూడో మనిషి తమ్ముడి భార్య. దారి లెక్క కట్టడం, వాతావరణం చూసి దిశ చెప్పడం ఆమె పని, ఆ ముగ్గురిలోకీ పని తెలిసిన మనిషి ఆమే.

తమ్ముడికి మాత్రం యార్డులో ఒకటే పేరు: టెంపరరీ. ఏది చెడినా అందుబాటులో ఉన్న తాడో గుడ్డో చుట్టి "ప్రస్తుతానికి ఇది చాలు" అనేవాడు. ఆ ప్రస్తుతం ఏళ్ళ తరబడి సాగేది. "టెంపరరీ వస్తున్నాడు, మీ సామాను దాచుకోండి" అని యార్డు మేస్త్రీ దూరం నుంచే అరిచేవాడు. తమ్ముడు నవ్వేవాడు. అతను దేనికైనా నవ్వేవాడు, అదీ అక్కకు కోపమే.

పోవడానికి కొన్నాళ్ళ ముందు, ముసలిదాన్ని కాస్త దూరం నడిపి చూసి రేవుకు వస్తుంటే, చుక్కాని వణకడం మొదలుపెట్టింది. చుక్కాని నీళ్ళలో ఉంటుంది. దాని కడ్డీ పడవ అడుగులోంచి లోపలికి వచ్చి పైనున్న చక్రానికి తగులుకుంటుంది. ఆ కడ్డీకి, సరిగ్గా లోపలికి వచ్చే చోట, వెంట్రుకలాంటి పగులు కనిపించింది. తమ్ముడు పగులు మీద పాత ట్యూబు రబ్బరు చుట్టి, ఆ పైన నీళ్ళ పైపులకు వేసే రెండు ముక్కల ఇనుప పట్టీ ఒకటి బిగించాడు. తిన్నగా అక్క షెడ్డుకొచ్చి, విప్పి పరిచిన తెరచాప మీద బూట్లతో కూర్చున్నాడు.

"లే ముందు. అది గుడ్డ అనుకున్నావా, గోనె అనుకున్నావా?"

"అక్కా, చుక్కాని కడ్డీకి పైపు పట్టీ వేశాను."

"ఏ పైపుది?"

"మా ఇంట్లో స్నానాలగదిది."

"మరి స్నానాలగదికి?"

"దానికి తాడు కట్టాను. ముసలిది యార్డు దాకా రావాలిగా, అందుకు వేశాను. పందెంలోకి దీంతో వెళ్తామా ఏంటి? నీళ్ళలోకి దించేలోపు మొత్తం ఊడదీసి కొత్త కడ్డీ వేయిద్దాం."

"ఎప్పుడు?"

"వచ్చే వారం."

"ఏ వారానికి వచ్చే వారం?"

అతను నవ్వి బూట్లు విప్పకుండానే లేచి వెళ్ళాడు. ఆ వచ్చే వారంలోనే రంగుల దుకాణం వచ్చింది.

పడవల సంఘం గదిలో సంతాప సభ పెట్టారు. పళ్ళ డాక్టరు మాట్లాడాడు. అతని వృత్తి అలాంటిది. కుర్చీలో పడుకున్నవాళ్ళు నోరు తెరిచే ఉంటారు కానీ బదులు చెప్పలేరు. ఏళ్ళ తరబడి అలాంటి శ్రోతలకు అలవాటు పడినవాడికి మాట ఎక్కడ ఆపాలో తెలియదు. స్నేహితుడి పేరు మీదే ముసలిది పందెంలోకి వెళుతుందన్నాడు. దానికి తానే నాయకుణ్ణన్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది.

"ఆయన చేయి పడిన ప్రతి వస్తువూ మనకు పవిత్రం," అన్నాడు. "ఆయన ఎక్కడ ముడి వేశాడో ఆ ముడి అక్కడే ఉంటుంది. ఆయన పనిని మనం ముట్టుకోం."

గదిలో అందరూ తలలు ఊపారు. అందులో సగం మంది అతని ముడులు విప్పలేక కత్తితో కోసినవాళ్ళే. అక్క వెనక వరసలో కూర్చుని వాళ్ళ మొహాలు ఒక్కొక్కటీ చూసింది. టెంపరరీ అన్న మాట ఎవరి నోటా రాలేదు. రాత్రికి రాత్రి అతను "ఆయన" అయిపోయాడు. "అలాంటి పనివాడు మళ్ళీ పుట్టడు" అన్నాడు మేస్త్రీ, కళ్ళు తుడుచుకుంటూ. ఆ మాట నిజమే కానీ అతనన్న అర్థంలో కాదు.

మరదలు ముందు వరసలో, వీపు నిటారుగా పెట్టి కూర్చుంది. ఆమె ఏమనుకుంటుందో వెనక నుంచి తెలియలేదు.

తర్వాత పనులు మొదలయ్యాయి. పని అంటే పందేనికి పనికొచ్చేది కాదు. పొట్ట గీకి ముదురు నీలం వేశారు, అది వేయాల్సిందే. కానీ దాని మీద బంగారు గీత ఒకటి లాగారు. లోపల మెత్తలకు కొత్త గుడ్డ తొడిగారు. తమ్ముడు సగం చుట్టి వదిలేసిన తాడు చుట్ట మీద వార్నిషు పూశారు, తాడు కర్రలా బిగుసుకుపోయింది. పిడి విరిగిన అతని టీ కప్పుకు గోడ మీద కొక్కెం కొట్టారు. ఎవరికీ అక్కర్లేని సముద్రపు గడియారం ఎవరో బహుమతిగా ఇచ్చారు. అది నడవదు, కానీ మెరుస్తుంది.

తెరచాప తీసుకుని అక్క పడవెక్కిన రోజు వెనక అరలోకి వంగి చూసింది. చుక్కాని కడ్డీ అక్కడే ఉంటుంది.

పైపు పట్టీని ఇత్తడి పాలిషు పెట్టి తోమారు. అది ఇత్తడి కాదు; అయినా తోమారు. దాని ముందు చిన్న అద్దం పలక నిలబెట్టారు. పైన డాక్టరు తన క్లినిక్కులో పాతబడ్డ దీపం తెచ్చి, వెలుగు సరిగ్గా పట్టీ మీద పడేలా బిగించాడు. లోపలికి వచ్చిన వాళ్ళంతా పనిలోకి దిగే ముందు వంగి, అద్దం పైనుంచి ఆ పట్టీని రెండు వేళ్ళతో ఒకసారి ముట్టుకుంటున్నారు. ముట్టుకునీ ముట్టుకునీ ఒక పక్క నున్నబడింది.

అక్క అద్దం పక్కకు తీసి, కడ్డీని రెండు చేతులా పట్టుకుని ఊపింది. ఊగకూడనిది ఊగింది. పట్టీ కింద నుంచి సన్నటి గోధుమరంగు చార ఒకటి కారి ఆరి ఉంది. రబ్బరు మధ్యలో నీళ్ళు ఇరుక్కుని గాలాడకపోతే ఏ ఉక్కునైనా తినేస్తాయి. తెరచాప మూలల్లో వేసే ఉంగరాలు అలా పోవడం ఆమె ఎన్నోసార్లు చూసింది. పట్టీ పగులును కాపాడడం లేదు. దాచిపెట్టి పెంచుతోంది.

కింద మేస్త్రీ బీడీ కాలుస్తూ నిలబడి ఉన్నాడు. పడవల యార్డు అతనిదే, ఏది అడిగినా ఒకటే జవాబు.

"మేస్త్రీ, చుక్కాని దించాలి."

"చూద్దాం అక్కా."

"చూడ్డానికేముంది? కడ్డీ ఊగుతోంది."

"ఊగితే ఊగింది, ఆయన వేసిన పట్టీ ఉందిగా."

"ఆయన కాదు మేస్త్రీ, వాడు. టెంపరరీ. నువ్వు పెట్టిన పేరేగా?"

మేస్త్రీ బీడీ కింద పడేసి తొక్కాడు. "పోయినవాళ్ళ గురించి అలా అనకూడదు."

"పోయినవాణ్ణి నేనేమీ అనలేదు. ఉన్నవాళ్ళనే అంటున్నాను. పడవ నీళ్ళలోకి దిగాక చుక్కాని ఊడదీయడం కుదరదు. దిగడం ఎప్పుడు?"

"చూద్దాం."

డాక్టరును పట్టుకుంది. అతను నిచ్చెన మీద నిలబడి బంగారు గీత సరిచేస్తున్నాడు.

"డాక్టరూ, దిగి రా, నీతో మాట్లాడాలి."

"చెప్పండక్కా, వింటున్నాను."

"ఆ పట్టీ తీసేయాలి. వాడే నాతో చెప్పాడు, యార్డు దాకా రావడానికే వేశానని."

డాక్టరు కుంచె డబ్బాలో పెట్టి, నిచ్చెన మీద నుంచే జాలిగా చూశాడు. "మీ బాధ నాకు అర్థమవుతుందక్కా. దుఃఖం ఒక్కొక్కరిలో ఒక్కో రకంగా బయటికొస్తుంది. కొంతమంది ఏడుస్తారు, కొంతమంది తప్పులు వెతుకుతారు."

"కొంతమంది గీతలు గీస్తారు."

"ఆ పట్టీ వట్టి ఇనుము కాదు. దాన్ని ముట్టుకుని వచ్చాక నా చేయి వణకదు. సముద్రం మధ్యలో అదే మాకు ధైర్యం."

"నీ చేయి వణక్కపోవచ్చు. చుక్కాని వణుకుతోంది."

"తనిఖీ అధికారి వస్తున్నారుగా. ఆయన కాదంటే అప్పుడు చూద్దాం," అని మళ్ళీ కుంచె అందుకున్నాడు. మేస్త్రీ దగ్గర నేర్చుకున్న మాట కాబోలు.

అక్క కూడా తనిఖీ మీదే ఆశ పెట్టుకుంది. పందేనికి వెళ్ళే ప్రతి పడవనూ అధికారి వచ్చి చూసి సరే అంటేనే దాన్ని రానిస్తారు. ఈ అధికారి సంగతి అందరికీ తెలుసు. ప్రాణరక్షణ జాకెట్టుకు ఈల లేదని ఒక పడవను వెనక్కి పంపిన మనిషి. నిప్పు ఆర్పే డబ్బా తేదీ మీద మరక పడిందని ఇంకొకరిని ఏడిపించిన మనిషి. అలాంటివాడు ఆ పట్టీని చూస్తే పడవను అక్కడే ఆపేస్తాడు. జీవితంలో మొదటిసారి ఆమె ఒక అధికారి రాక కోసం ఎదురు చూసింది.

అతను వచ్చాడు. పొద్దున్నే, ఇస్త్రీ చొక్కాతో, చేతిలో టార్చితో. జాకెట్లు లెక్కపెట్టాడు, ఈలలు ఊదించాడు. పొయ్యి గొట్టం వంగి ఉందని మొహం చిట్లించాడు. అక్క తెరచాప కుట్లు కూడా గోటితో గీకి చూశాడు. ఆమెకు మనసులో హాయిగా అనిపించింది. తరవాత అతను వెనక అరలోకి దిగాడు. డాక్టరు దీపం వెలిగించాడు.

"ఇదేంటి?"

డాక్టరు చెప్పాడు. ఎంతసేపు చెప్పాడో కానీ, చెప్పడం అయ్యేసరికి మేస్త్రీ ముక్కు చీదుకుంటున్నాడు. స్నేహితుడి ఆఖరి పని, ఆఖరి బోల్టు, ఆఖరి ప్రయాణం. రంగుల దుకాణం సంగతి రాలేదు. స్నానాలగది సంగతి ఎలాగూ రాలేదు.

అధికారి టోపీ తీశాడు. తీసి, అద్దం ముందు తల వంచుకుని నిలబడ్డాడు. తరవాత రెండు వేళ్ళు చాపి పట్టీని ముట్టుకున్నాడు.

"సార్, ఒకసారి ఆ కడ్డీని ఊపి చూడండి," అంది అక్క పైనుంచి.

"మీరు వారి అక్కగారా?"

"అవును. ఊపి చూడండి."

"మీలాంటి అక్క ఉండడం వారి అదృష్టం," అని అతను టోపీ పెట్టుకుని పైకొచ్చాడు. పొయ్యి గొట్టం మాత్రం మార్చాల్సిందే అన్నాడు. మిగతాదంతా సరే.

అతను గేటు దాటేదాకా అక్క పైనుంచే చూసింది. అన్నం వండుకునే పొయ్యి గొట్టం వంకర పోకూడదు, చుక్కాని మాత్రం సముద్రం మధ్యలో ఊడి పడవచ్చు. ఈలలు మాత్రం అన్నీ మోగుతాయి. మునిగేటప్పుడు ఊదుకోవచ్చు.

ఇక మిగిలింది మరదలు. అసలు మొదట వెళ్ళాల్సింది ఆమె దగ్గరికే. కానీ ఆ ఇంటికి వెళ్ళడం అక్కకు కష్టంగా ఉంది. ఆ ఇల్లు తమ్ముడి చేతి పనుల ప్రదర్శన. వీధి తలుపు మూతపడాలంటే కింద మడతపెట్టిన అట్టముక్క తన్నాలి. అలమారకు ఒక పక్కే మేకు, రెండో పక్క ఇటుక ఎత్తు. వంటింటి కొళాయి మెడకు గుడ్డ చుట్టి దానికి ఒక చెంచా కట్టాడు. చెంచాను ఎడమకు తిప్పితే నీళ్ళు వస్తాయి. అతను పోయాక మరదలు ఇందులో ఏదీ బాగు చేయించలేదు. అదీ చూసి అక్క మనసులో విసుక్కుంది. ఈ పిల్ల కూడా ఆ మందలో చేరింది అనుకుంది.

మరదలు చెంచా తిప్పి టీకి నీళ్ళు పట్టింది.

"అమ్మాయ్, నీతో ఒక మాట. నువ్వు ఆ పడవ ఎక్కుతున్నావు."

"ఎక్కుతున్నాను వదినా."

"ఎక్కొద్దనడం లేదు. నీకు రాని పని కాదు. ఆ కడ్డీ చూశావా?"

"చూశాను."

"ఊపి చూశావా?"

మరదలు పొయ్యి మంట తగ్గించింది. "ఊపాల్సిన అవసరం లేదు. ఆ రోజు చక్రం నా చేతిలోనే ఉంది. ఎలా వణికిందో నాకు తెలుసు."

"మరి వాడు నీతో ఏమీ చెప్పలేదా?"

"చెప్పారు. యార్డుకు చేరగానే తీసేసి కొత్తది వేయిద్దామన్నారు. ఆయన అన్న ఆఖరి మాటల్లో అదొకటి. మిగతావి ఉప్పు తెమ్మనడం, అలాంటివి."

అక్క కుర్చీలో వెనక్కి వాలింది. తనకు మాత్రమే చెప్పాడనుకుంది ఇన్నాళ్ళూ. అందుకు కొంచెం రోషం కూడా వచ్చింది.

"తెలిసీ నోరు మూసుకుని కూర్చున్నావా? ఆ పళ్ళ డాక్టరు దానికి దీపం పెడుతుంటే చూస్తూ కూర్చున్నావా? నీకు బుద్ధి ఉందనుకున్నాను."

మరదలు టీ వడగట్టి ఆమె ముందు పెట్టింది. కప్పు అడుగు సమంగా లేదు, దాని కింద పెట్టడానికి ఓ పాత పోస్టుకార్డు ఉంది. పెట్టింది.

"మీరూ అనేవారు కదా వదినా ఆయన్ని."

"ఏమని?"

"చేతకానివాడని. నేనూ అనేదాన్ని. యార్డంతా టెంపరరీ అనేది. మా నాన్న అయితే ఇంట్లోకి వచ్చేముందు తలుపు తట్టేవాడు కాదు, ఊడొస్తుందని. ఆయన అన్నిటికీ నవ్వేవారు. రాత్రి నన్ను మాత్రం అడిగేవారు, నిజంగా నా పని అంత దరిద్రంగా ఉంటుందా అని. నేను ఉంటుందనే అన్నాను. ప్రతిసారీ." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "ఇప్పుడు అందరూ పొగుడుతున్నారు. ఆ మేస్త్రీ కూడా. పైపు పట్టీని పట్టుకుని, ఎంత గట్టిగా వేశాడో అంటున్నాడు. అబద్ధమే. కానీ వినాలనిపించింది. ఇంకో రోజు, ఇంకో రోజు అనుకున్నాను."

అక్క టీ తాగింది. పంచదార ఎక్కువైంది. అయినా వంక పెట్టలేదు.

"అలా అనుకుంటూ పడవ ఎక్కేదానివా?" అంది చివరికి.

"ఎక్కేదాన్నేమో."

"విరిగితే?"

"తెలీదు వదినా."

"నాకు తెలుసు. వీళ్ళంతా మళ్ళీ గదిలో చేరి సభ పెడతారు. సముద్రం ఇద్దర్నీ కలిపింది అంటాడు డాక్టరు. బతికుంటే. నేను మళ్ళీ వెనక వరసలో కూర్చోవాలి." ఆమె కప్పు కింద పెట్టింది. "నేను కూర్చోను. ఒక్కసారి కూర్చున్నాను, చాలు."

మరదలు కప్పు తీసి కడిగింది. తరవాత అలమారలోంచి స్పానర్ తీసింది. అది తీయగానే అలమార ఓ పక్కకు ఒరిగింది, మోకాలితో ఆపి ఇటుక సరిచేసింది.

"ఇది సరిపోతుందా?"

"వాడిదేనా?"

"ఆయనదే."

"అయితే సరిపోదు. నా షెడ్డులోది తెస్తాను," అంది అక్క.

మర్నాడు పొద్దున యార్డు గేటు తెరవగానే ఇద్దరూ ముసలిదాని మీదికి ఎక్కారు. దీపం ఆర్పి, అద్దం పలక తీసి పక్కన పెట్టారు. మరదలు టార్చి పట్టుకుంది. అక్క అరలోకి దిగి మొదటి బోల్టు మీద స్పానర్ వేసింది. తుప్పు పట్టి కదల్లేదు. బరువంతా వేసి లాగితే కిర్రుమని తిరిగింది. రెండోదీ అంతే. మూడోది తిప్పుతుండగా పైన అడుగుల చప్పుడయింది.

"ఏం చేస్తున్నారు?" డాక్టరు వంగి చూశాడు. వెనక మేస్త్రీ.

"పని," అంది అక్క.

"అక్కా, ఆగండి. ఇది మీరొక్కరే తీసుకునే నిర్ణయం కాదు. ఆయన భార్య—"

"టార్చి పట్టుకుంది ఎవరో చూశావా?"

డాక్టరు చూశాడు. మరదలు తల ఎత్తలేదు.

"మీరు కూడానా," అన్నాడు డాక్టరు. "వాడు పోయాక నాకు మిగిలింది ఇదొక్కటే. క్లినిక్కు మూసి రోజూ ఇక్కడికి వచ్చి... మీకు తెలీదు."

మొదటిసారి అతను ఆయన అనకుండా వాడు అన్నాడు. అక్క స్పానర్ ఆపింది. తిట్టడానికి సిద్ధం చేసుకున్నవి చాలానే ఉన్నాయి, కొన్ని మింగింది. అన్నీ కాదు.

"డాక్టరూ, నీ దగ్గరికి ఒకడొచ్చాడనుకో. లోపల పుచ్చిపోయిన పన్ను. పైన తొడుగు ఉంది. ఆ తొడుగు మా నాన్న వేయించింది, తీయొద్దు, దాన్నే తోమి మెరుగుపెట్టు అన్నాడు. ఏం చేస్తావు?"

డాక్టరు ఆర్పేసి ఉన్న దీపం కేసి చూశాడు.

"దీపం పెడతావా?"

"తీస్తాను," అన్నాడు మెల్లగా.

"ఏడిస్తే?"

"ఏడ్చినా తీస్తాను."

"అయితే పక్కకు జరుగు, వెలుతురు అడ్డం."

మూడో బోల్టు వచ్చింది. నాలుగోదానికి స్పానర్ వేయబోతే వేళ్ళతోనే తిరిగింది. తమ్ముడు దాన్ని బిగించనే లేదు. ఎవరో పిలిచి ఉంటారు, తరవాత బిగిద్దామనుకుని వెళ్ళి ఉంటాడు.

"చూశావా," అంది అక్క. బోల్టును చేతిలో పట్టుకుని కాసేపు అలాగే కూర్చుంది. పైన ముగ్గురూ ఎదురు చూశారు.

పట్టీ రెండు ముక్కలుగా విడిపోయింది. రబ్బరు కడ్డీకి అంటుకుపోయి, లాగితే ముద్దగా వచ్చింది. కింద ఉక్కు గోధుమరంగులో పొరలు పొరలుగా ఉంది. అక్క డాక్టరును పిలిచి స్థలం ఇచ్చింది. అతను దిగి, జేబులోంచి తన వృత్తి సామాను, సన్నటి కొక్కెం కడ్డీ ఒకటి తీసి, పగులు మీద పెట్టి నొక్కాడు. అది లోపలికి వెళ్ళింది. ఇంకాస్త నొక్కాడు. ఇంకాస్త వెళ్ళింది. అతను దాన్ని బయటికి తీసి చూసుకుని తుడుచుకున్నాడు. ఎవరి నోట్లోనైనా ఇంత లోతుకు దిగితే ఏం చెబుతాడో, ఇక్కడ అది చెప్పలేదు. అక్కకు అతని మీద మొదటిసారి కాస్త గౌరవం లాంటిది కలిగింది. కానీ అది ఎక్కువసేపు నిలవలేదు. పైకెక్కగానే అతను, కొత్త కడ్డీ మీద స్నేహితుడి పేరు చెక్కిద్దామన్నాడు.

"నీళ్ళలో ఉండేదాని మీద ఎవరు చదువుతారు?" అంది అక్క. "చేపలా?"

మరదలు నవ్వింది. రంగుల దుకాణం తరవాత అక్క ఆ నవ్వు వినడం ఇదే మొదటిసారి.

"మేస్త్రీ," అంది అక్క, "చుక్కాని దించు."

మేస్త్రీ నోరు తెరిచాడు. ఆమె చూసిన చూపుకు, అనబోయిన మాట అనకుండా గొలుసులు తేవడానికి వెళ్ళాడు. ఆ సాయంత్రానికి చుక్కాని నేల మీద పడుకుని ఉంది, పెద్ద చేప రెక్కలా. దాని కడ్డీ పగులు దగ్గర చేత్తో వంచగానే విరిగింది. మేస్త్రీ విరిగిన ముక్కను అటూ ఇటూ తిప్పి, తనకు ముందే అనుమానంగా ఉందన్నాడు. ఎవరూ అతనికేసి చూడలేదు.

పైపు పట్టీ ఏం చేయాలని డాక్టరు అడిగితే, స్నానాలగదికి తీసుకుపోతానంది మరదలు. అక్కడ ఇంకా తాడే ఉంది.

కొత్త కడ్డీకి కావలసిన ఉక్కు ఇక్కడ దొరకదు, బయట నుంచి రావాలి. వచ్చాక లేత్ మిషను మీద తిప్పి కొలతకు చెక్కాలి. అప్పటికి పందెం మొదలవుతుందో లేదో డాక్టరు లెక్క వేస్తున్నాడు. మరదలు అతని లెక్క తీసుకుని తప్పులు దిద్దింది. సమయం చాలదని అతను, చాలుతుందని ఆమె వాదించుకుంటుండగా అక్క షెడ్డుకు వచ్చేసింది.

కొలతలు తీశారు. ఉక్కు కోసం ఇంకా కబురు పెట్టలేదు. తనిఖీ అధికారికి పడవ మళ్ళీ చూడాలని ఇంకా తెలియజేయలేదు. పొయ్యి గొట్టం మార్చలేదు. ముసలిది యార్డులో, చుక్కాని లేకుండా, అడుగున రంధ్రంతో నిలబడి ఉంది.